స్తుతికీ కృతజ్ఞతకూ నడుమ: మన వీరస్మృతి సంప్రదాయంలో సైనికుడి కుటుంబం

వ్యాససంగ్రహం:
యుద్ధంలో మరణించిన వీరుణ్ణి కీర్తించడం మన సాహిత్యానికి కొత్త కాదు. వీరగల్లుల నుంచి నేటి చలనచిత్రాల దాకా ఆ ధార తెగకుండా సాగింది. అయితే కీర్తించడం, కృతజ్ఞత చూపడం ఒకటి కావు. వీరుడి మీద ఆధారపడిన మనుషుల పట్ల సమాజం ఏ బాధ్యత వహించింది, దాన్ని ఏ భాషలో చెప్పింది, బతికి తిరిగివచ్చిన సైనికుడికి ఆ భాషలో చోటు ఉందా అన్న ప్రశ్నలను భారతం, శాసనాలు, పల్నాటి వీరారాధన, ఖడ్గతిక్కన చాటువులు, కొన్ని ఆధునిక సందర్భాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వీరగల్లు, నెత్తురుమాన్యం, పల్నాటి వీరారాధన, ఖడ్గతిక్కన, స్త్రీపర్వం, వీరనారి, మాజీ సైనికుడు.

నారదుడి ప్రశ్న

మయసభలో కొలువుతీరిన ధర్మరాజు దగ్గరకు నారదుడు వచ్చి రాజ్యపాలన గురించి వరుసగా ప్రశ్నలు వేస్తాడు. కోటలు, ధాన్యాగారాలు, గూఢచారులు, పన్నులు, చెరువులు, సైన్యానికి సకాలంలో ఇచ్చే జీతాలు, ఇలా సాగే ఆ ప్రశ్నల మధ్య వ్యాసభారత సభాపర్వంలో ఒక చిన్న ప్రశ్న ఉంది. నీ కోసం చనిపోయినవారి భార్యలను, నీ కోసం ఆపదల పాలైనవారి భార్యలను పోషిస్తున్నావా అని నారదుడు అడుగుతాడు. ప్రశ్న చిన్నదే అయినా అందులో రెండు విశేషాలున్నాయి. మొదటిది, చనిపోయినవారితో పాటు ఆపదల పాలైనవారిని కూడా నారదుడు లెక్కలోకి తీసుకున్నాడు. గాయపడినవాడు, అవిటివాడైనవాడు, చెరపడ్డవాడు అందరూ ఆ మాటలో ఇముడుతారు. రెండవది, వారిని స్తుతిస్తున్నావా అని ఆయన అడగలేదు. పోషిస్తున్నావా అని అడిగాడు.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఇదే విషయాన్ని మరింత పొడిగా చెప్పాడు. విధినిర్వహణలో మరణించినవారి భార్యాబిడ్డలకు భక్తవేతనాలు, అంటే తిండీ జీతమూ, చెందాలన్నాడు. అక్కడ వీరరసం మచ్చుకైనా లేదు. నేటి కుటుంబ పింఛను ఉత్తర్వుకు అది పూర్వరూపంగా కనిపిస్తుంది.

సభాపర్వంలో నారదుడు వేసిన ప్రశ్నకు అసలు సమాధానం కురుక్షేత్రం ముగిశాక గాని దొరకదు. స్త్రీపర్వం చివర ధర్మరాజు బంధువులున్నవారితో పాటు, దిక్కులేక పడివున్నవారికి కూడా దహనసంస్కారాలు జరిపించమని విదురుడు, సంజయుడు, ధౌమ్యుడు మొదలైనవారిని నియమిస్తాడు. శాంతిపర్వంలో పట్టాభిషేకం తర్వాత ఆ పని మరికొంత ముందుకు సాగుతుంది. శ్రాద్ధం పెట్టేవారు లేని మృతుల కోసం తానే శ్రాద్ధాలు పెడతాడు. మిత్రుల పేర సభలు, చలిపందిళ్ళు, తటాకాలు కట్టిస్తాడు. భర్తలను, కొడుకులను పోగొట్టుకున్న స్త్రీలందరినీ గౌరవించి పోషిస్తాడు. ఈ సందర్భంలో మూలం ఆ స్త్రీలను పాండవపక్షమని, కౌరవపక్షమని వేరుచేయలేదు. యుద్ధం న్యాయమైనదా కాదా అన్న విచికిత్సతో ధర్మరాజు ఆ పర్వమంతా కుమిలిపోతూనే ఉంటాడు. అయినా ఆ కుమిలిపాటు ఈ పోషణకు అడ్డురాలేదు. సైనికుడికి కృతజ్ఞత చెప్పడమంటే యుద్ధాన్ని సమర్థించడమేనన్న అనుమానం నేటి విమర్శలో తరచు వినిపిస్తుంది. భారతం ఈ రెండింటినీ విడదీసి చూసింది.

శిల్పం ఒకటి, అక్షరం ఒకటి

రాయలసీమలో, ముఖ్యంగా చిత్తూరు ప్రాంతంలో, పొలాల గట్ల మీద, చెరువు కట్టల దగ్గర, గుడి ముంగిళ్ళలో వీరగల్లులు విస్తారంగా కనిపిస్తాయి. బాణులు, వైదుంబులు, నొలంబులు, గాంగులు ఒకరితో ఒకరు తలపడిన నేల అది. సోరెమడి యుద్ధంలో నేలకొరిగినవారి స్మృతిశిలలు కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. కొన్నింటిలో వీరుడు ఒక్కడే ఆయుధం పట్టి నిలబడి ఉంటాడు. మరికొన్ని అంతస్తులుగా మలచినవి. అడుగున పోరాటం, నడుమ వీరుణ్ణి చెరొకవైపు పట్టి పైకి తీసుకుపోయే అప్సరసలు, పైన శివసన్నిధి. చదువు రానివారికి కూడా అర్థమయ్యే కథనం అది.

ఆ కథనంలో వీరుడి ఇల్లు ఎక్కడుంది? యుద్ధం ఉంది, స్వర్గం ఉంది, నడుమ దారి ఉంది. వీరుడు బయలుదేరి వచ్చిన ఇల్లు మాత్రం లేదు. భార్యకు శిలపై చోటు దొరకాలంటే ఆమె కూడా చనిపోవాలి. సహగమనం చేసిన స్త్రీకి నిలిపిన మాస్తికల్లు మీద గాజులు తొడిగిన చేయి పైకెత్తి కనిపిస్తుంది. బతికి బిడ్డలను పెంచిన స్త్రీకి శిల్పి ఉలి ఏ గుర్తూ కేటాయించలేదు.

శిల్పి విడిచిపెట్టిన ఆ ఇంటిని శాసన లేఖకుడు పట్టించుకున్నాడు. మృతవీరుడి కుటుంబానికి ఇచ్చిన భూమిని కన్నడంలో నెత్తరు కొడగె అన్నారు. తమిళంలో ఉదిరప్పట్టి అన్నారు. మన వైపు రక్తమాన్యం, నెత్తురుమాన్యం అన్న మాటలున్నాయి. మూడు భాషల్లోనూ పేరు నెత్తురుతోనే ముడిపడింది. మాన్యమన్న మాటకు మన్నన అన్న అర్థం ఉండనే ఉంది. అనుభవంలో అది పన్ను మినహాయింపు గల భూమి. నెత్తురుమాన్యమన్న ఒక్క సమాసంలో మరణం, మన్నన, మడిచెక్క మూడూ కలిసివచ్చాయి. ఆధునిక తెలుగులో ఇంత బరువు మోయగల పాలనాపదం నాకు తట్టడం లేదు. ‘ఎక్స్‌గ్రేషియా’ అన్న మాటకు దయతో ఇచ్చేది అని అర్థం. నెత్తురుమాన్యంలో దయ లేదు, బాకీ ఉంది.

క్రీ.శ. 890 ప్రాంతానిదని చెప్పే బేగూరు శాసనాన్ని ఇక్కడ ప్రస్తావించాలి.  గాంగరాజు ఎరెయప్ప పంపగా వెళ్ళిన నాగత్తరుడు తుంబెపాడి యుద్ధంలో మరణిస్తాడు. ఆ వార్త విన్న రాజు ఇరుగుడనేవాడికి నాగత్తర పట్టం కట్టి, బెంపూరు పన్నెండు గ్రామాలను ఇచ్చాడని శాసనం చెబుతుంది. చనిపోయినవాడి పేరు రాతిమీద గుర్తుగా మిగిలిపోకుండా మరొక మనిషికి పదవిగా సంక్రమించింది. గ్రామాలు ఆ పేరుకు ఆధారమయ్యాయి.

ఈ పద్ధతి నేటికీ పూర్తిగా చెదరలేదు. 2020 జూన్ 15న గల్వాన్ లోయ ఘర్షణలో మరణించిన సూర్యాపేటవాసి కర్నల్ సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, హైదరాబాదులో ఇంటిస్థలం, ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం ఇచ్చింది. ధనం, నేల, పదవి అన్న ఈ మూడూ బేగూరు శాసన కాలం నాటివారికి కూడా వెంటనే అర్థమయ్యేవే. ఇందులో మెచ్చుకోదగినది ఉంది. అయితే శాసనకాలం నుంచి సంక్రమించిన పరిమితి కూడా ఇందులోనే ఉంది. మరణం ఎంత ప్రసిద్ధమైతే మాన్యం అంత పెద్దదవుతుంది. ఎవరూ పేరు వినని పహరాలో మంచు విరిగిపడి చనిపోయిన సిపాయి ఇంటికి వార్తాపత్రికలో ఒక చిన్న పెట్టె మిగులుతుంది.

కారంపూడిలో కలిసి తిన్న కూడు

పల్నాటి వీరచరిత్రను సాహిత్యవిమర్శ ఎక్కువగా శ్రీనాథుడి కర్తృత్వం, ద్విపద శైలి, చారిత్రకత అన్న మూడు చర్చల్లోనే నిలిపివేసింది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని ప్రకటించిన నాటి నుంచి ఆ చర్చలు సాగుతూనే ఉన్నాయి. అవి అవసరమే. కానీ ఆ కృతి వెనుక ఒక ఆచారం సజీవంగా ఉంది. అది గ్రంథంలో లేని ఒక విషయాన్ని చెబుతుంది.

ఏటా కార్తిక అమావాస్య నుంచి ఐదు రోజులు కారంపూడిలో వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోటు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజుల పేర్లు. వీరాచారవంతులు తమ ఇళ్ళలో తరతరాలుగా కాపాడుకుంటున్న ఆయుధాలను తెచ్చి నాగులేటిలో స్నానం చేయించి వీరుల గుడికి తీసుకువస్తారు. వీరవిద్యావంతులు కథను గానం చేస్తారు. మందపోటు నాడు చాపకూడు ఉంటుంది. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టాడన్న స్మృతికి అది కొనసాగింపు.

ఈ ఉత్సవంలో ఆయుధాన్ని మోసుకువచ్చేది ఎవరన్నది గమనించాలి. ఆయుధం ప్రభుత్వ ప్రదర్శనశాలలో లేదు. అది ఒక ఇంటి దూలం మీదో దేవుడి అరలోనో ఉంది. ఏడాదికొకసారి ఆ ఇల్లు దాన్ని బయటికి తెస్తుంది. వీరుడికి ప్రతినిధిగా వచ్చేది రాజు కాదు, పూజారి కూడా కాదు. వీరుడి వారసత్వాన్ని తనదిగా చెప్పుకునే కుటుంబమే వస్తుంది. మిగతా జనం ఆ కుటుంబం తెచ్చిన ఆయుధానికి మొక్కి, ఆ పంక్తిలోనే కూర్చుని తింటారు. రాతిమీద లేని ఇల్లు ఇక్కడ ఉత్సవానికి కేంద్రమైంది.

కృతిలో ఈ ఇల్లు వేరే విధంగా కనిపిస్తుంది. బాలచంద్రుణ్ణి యుద్ధానికి పోనివ్వకూడదని తల్లి ఐతాంబ తాపత్రయం. భార్య మాంచాల అతణ్ణి యుద్ధానికి పంపుతుంది. పాఠకుడికి మాంచాల ధైర్యం ఆశ్చర్యం కలిగిస్తుంది, ఆ ఘట్టం అందుకే ప్రసిద్ధి పొందింది. ఐతాంబ భయాన్ని మాత్రం మనం వీరరసానికి విఘాతంగానే చదువుతూ వచ్చాం. పోవద్దన్న తల్లి మాటలోనే పోయినవాడి విలువ తెలుస్తుందన్న సంగతి మన వ్యాఖ్యానాల్లో ఎక్కడో వెనకబడిపోయింది.

తిరిగివచ్చినవాడికి చోటెక్కడ?

ఇంతవరకు చెప్పిన సంప్రదాయమంతా మృతవీరుడి చుట్టూ తిరిగింది. బతికి వచ్చినవాడి సంగతికి వస్తే మన దగ్గరున్న అత్యంత ప్రసిద్ధమైన కథ ఖడ్గతిక్కనది. నెల్లూరి మనుమసిద్ధికి దండనాథుడైన ఈయన పుల్లరి విషయంలో కాటమరాజుతో జరిగిన పోరు నుంచి వెనుదిరిగి ఇంటికి వస్తాడు. భార్య స్నానానికి నీళ్ళు తోడి, మంచం అడ్డుపెట్టి, పసుపుముద్ద పెడుతుంది. ఇది ఆడవారి స్నానమన్నమాట. తల్లి అన్నంలో విరిగిన పాలు పోస్తుంది. సేన విరగడం, పాలు విరగడం అన్న శ్లేషతో ఆ చాటువు తరతరాల విద్యార్థుల నోళ్ళలో నానింది. తిక్కన సిగ్గుపడి తిరిగి యుద్ధానికి వెళ్ళి మరణిస్తాడు.

చాటువు చమత్కారంలో లోపమేమీ లేదు. చదివిన ప్రతిసారీ శ్లేష కొత్తగానే ఉంటుంది. కానీ ఈ కథను మనం ఆదర్శంగా బోధిస్తున్నప్పుడు ఏం బోధిస్తున్నామో ఆలోచించాలి. అలసి వచ్చిన సైనికుణ్ణి ఇల్లు లోపలికి రానివ్వలేదు. ఓడినవాడికి అన్నం పెట్టడం కన్నా చచ్చినవాడికి కీర్తి కట్టడం మేలన్న విలువను స్త్రీల నోట పలికించి, దాన్ని మరింత తిరుగులేనిదిగా చేశారు. ఆయన మరణించాక ఆ తల్లి, ఆ భార్య ఎలా బతికారన్నది చాటువుకు అవసరం లేకపోయింది. నారదుడి ప్రశ్న నెల్లూరి దాకా రాలేదు.

ఖడ్గతిక్కన కవిబ్రహ్మ తిక్కన సోమయాజికి జ్ఞాతి సోదరుడు. ఒకే ఇంటి నుంచి ఒకరు చాటువుల్లో వీరుడిగా మిగిలారు, మరొకరు స్త్రీపర్వాన్ని తెలుగు చేశారు. గాంధారి దివ్యదృష్టితో యుద్ధభూమిని చూసి, ఒక్కొక్క కోడలినీ ఒక్కొక్క కొడుకు శవం దగ్గర గుర్తుపట్టే ఘట్టాలను ఆయన అనువదించాడు. స్వంత ఇంటి అనుభవం ఆ పద్యాల్లోకి వచ్చిందని చెప్పడానికి ఆధారాలు లేవు, అలా చెప్పడం విమర్శ కూడా కాదు. కానీ చాటువును, స్త్రీపర్వాన్ని పక్కపక్కన పెట్టి చదివే అవకాశాన్ని మన పాఠ్యప్రణాళికలు ఇప్పటికీ వాడుకోలేదు. చాటువు పాఠంగా ఉంటుంది, స్త్రీపర్వం పరీక్షకు రాదు.

మాటల వ్యవహారం

నేటి వాడుకలో రెండు మాటలను ప్రత్యేకంగా చూడాలి. మొదటిది వీరనారి. తెలుగు పాఠకుడికి ఆ మాట వినగానే రుద్రమదేవి, నాగమ్మ, ఝాన్సీ లక్ష్మీబాయి గుర్తుకు వస్తారు. కత్తిపట్టిన స్త్రీ అని దాని అర్థం. సైనిక పరిపాలనలో హిందీ వాడుక ద్వారా అది అమరుడైన సైనికుడి భార్యకు గౌరవపదంగా స్థిరపడింది. వితంతువన్న మాటలోని అమంగళాన్ని తప్పించాలన్న ఉద్దేశం మంచిది. కానీ ఆ పిలుపు ఆమె మీద మరో బాధ్యతను కూడా మోపుతుంది. ఏడవకూడదు, పింఛను కాగితం ఆలస్యమైనా గొంతు పెంచకూడదు, వేదిక మీద నిటారుగా నిలబడాలి. మన నిఘంటువుల్లో వీరపత్ని, వీరమాత, వీరసువు అన్న మాటలున్నాయి. అవి కూడా స్త్రీని వీరుడి వైపు నుంచే నిర్వచిస్తాయి. ఆమె కోల్పోయినదాన్ని, ఆ తర్వాత మోసినదాన్ని చెప్పే మాట వాటిలో లేదు.

రెండవది మాజీ సైనికుడు. బడిలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు మనకు విశ్రాంత ఉపాధ్యాయులు. కార్యాలయంలో పనిచేసినవారు విశ్రాంత ఉద్యోగులు. సైనికుడు మాత్రం మాజీ. అరబీ మూలమున్న ఈ మాటకు గడిచిపోయినది అని అర్థం. జవాను పదిహేను, పదిహేడేళ్ళు సేవచేసి, తరచు నలభై నిండకముందే ఊరికి తిరిగివస్తాడు. పిల్లలు ఇంకా బడిలో ఉంటారు. ఆ వయసులో విశ్రాంతి అతనికి వర్తించదు కాబట్టే మాజీ అన్నారేమో అని సమాధానపడవచ్చు. కానీ భాష అతణ్ణి గడిచిపోయినవాడిగా ముద్రవేసింది. సాహిత్యం అతణ్ణి అంతకన్నా ముందే వదిలేసింది. మన చలనచిత్రాల్లో మిలిటరీ తాతయ్య అంటే బుర్రమీసం, తుపాకీ, పదేపదే చెప్పే యుద్ధం కథ, వినలేక పారిపోయే మనవలు. నవ్వు పుట్టించే పాత్రే కావచ్చు. అయితే అతడు చెప్పేది వినకపోవడమే అక్కడ హాస్యానికి మూలమన్నది ఆలోచించదగిన విషయం.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్ని మిలిటరీ మాధవరమని పిలుస్తారు. రెండు ప్రపంచయుద్ధాల కాలం నుంచి ఆ ఊరి ఇళ్ళ నుంచి సైన్యంలోకి వెళుతూనే ఉన్నారు. ఊళ్ళో యుద్ధస్మారకం ఉంది. ఇంటింటా సైనికుడున్న ఊళ్ళో కృతజ్ఞత చెప్పేదెవరు, అందుకునేదెవరు అన్న విభజన నిలవదు. అందుకే ఆ ఊరి పేరు ముందున్న ‘మిలిటరీ’ అన్న విశేషణం బిరుదుగా కాక ఇంటిపేరులా వినిపిస్తుంది. ఇలాంటి ఊరి జీవితం మీద, అక్కడ ఎదురుచూపులతో గడిచిన స్త్రీల మాటల మీద విస్తృతమైన మౌఖికచరిత్ర రావలసి ఉంది. వీరగల్లుల మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు చాలు.

ఉత్తరం

ఇటీవలి తెలుగు చలనచిత్రాల్లో 2022లో వచ్చిన సీతారామం ఈ చర్చకు ఒక కారణంగా దగ్గరవుతుంది. అందులో నాయకుడు అనాథ అయిన సైనికాధికారి. అతనికి ఎవరూ లేరని తెలిసి రేడియో విన్నపం చేస్తే దేశం నలుమూలల నుంచి అమ్మలుగా, అక్కలుగా, తమ్ముళ్ళుగా జనం ఉత్తరాలు రాస్తారు. ఆ తర్వాత కథ ప్రేమకథగా మారిపోతుంది, మన చర్చకు అది అంత అవసరం కాదు. కానీ ఆ ఉత్తరాల కట్ట ఒక మంచి ఊహ. స్తుతిలో సైనికుడు ఎత్తు మీద ఉంటాడు, చుట్టరికంలో పక్కన కూర్చుంటాడు. ఉత్తరం అతణ్ణి పక్కన కూర్చోబెట్టింది.

కల్పనలోని ఈ ఉత్తరాలకు ఎదురుగా వాస్తవమైన ఒక ఉత్తరం ఉంది. హైదరాబాదులో పెరిగిన మేజర్ పద్మపాణి ఆచార్య రాజపుతానా రైఫిల్స్ రెండవ బెటాలియన్‌కు చెందినవారు. కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28న మరణించారు. మరణానంతరం ఆయనకు మహావీరచక్ర లభించింది. చనిపోవడానికి కొద్దిరోజుల ముందు ఆయన తండ్రికి రాసిన ఉత్తరం తర్వాత ప్రచురితమై అనేకులు చదివారు. పోరాటాన్ని గౌరవంగా భావిస్తున్నానని చెప్పిన వాక్యాలనే సభల్లో ఎక్కువగా ఉటంకిస్తుంటారు. అదే ఉత్తరంలో మరొక కోరిక ఉంది. గర్భవతిగా ఉన్న తన భార్యకు రోజుకొక కథ చొప్పున మహాభారతం చెప్పమని, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయని ఆయన తండ్రిని అడిగారు.

ఈ కోరికను సంప్రదాయాభిమానంగా చదివి ముందుకు సాగిపోవచ్చు. కానీ యుద్ధభూమిలో ఉన్న మనిషి తనకోసం ఏమీ అడగలేదు. ఇంట్లో ఉన్నవారి కోసం అడిగాడు, అదీ డబ్బు కాదు, రోజూ కొంత సమయం. ఒకరు ఆమె పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉండాలన్నది ఆ కోరికలోని అసలు విషయం. ఆయన ఎంచుకున్న గ్రంథంలో నారదుడి ప్రశ్న ఉంది, స్త్రీపర్వం ఉంది, భర్తలను పోగొట్టుకున్న స్త్రీలను ధర్మరాజు పోషించిన ఘట్టం ఉంది. రోజుకొక కథ చొప్పున చెప్పుకుంటూ పోతే అవి కూడా వరుసలో వస్తాయి.